వారానికొక సూ: లియోన్ పట్టు నేతగాళ్ళూ మిషన్ చందా

కతోలిక విచారణల్లో ప్రతి ఆదివారం పూజలో తిరిగే కానుకల సంచి ఆ గుడి ఖర్చుల కోసం. ఇది కాక ఏడాదిలో కొన్ని నిర్ణీత దినాల్లో ప్రత్యేక చందాలుంటాయి. శుభశుక్రవారం నాటి కానుక పాలస్తీనాలోని పుణ్యక్షేత్రాలకు పోతుంది. జూన్ 29 పేతురు పండుగ వేళ పోగుచేసేది పోపుగారి చేతికి వెళ్తుంది. తపస్సుకాలంలో మన దేశంలో కారితాస్ సంస్థ పేరిట ఆకలి, రోగాల నివారణకు వసూలు చేస్తారు. అక్టోబరు నెలలో చివరిదానికి ముందు ఆదివారం ప్రపంచమంతటా మిషన్ చందా. ఈ జాబితాలో ప్రతిదానికీ ఒక చరిత్ర ఉంది. నేను చివరిదాన్నే ఎంచుకుంటున్నాను. కారణం, దాని పుట్టుకలో పోపులూ పీఠాధిపతులూ లేరు. పట్టు కార్ఖానాలో పనిచేసే ఆడపిల్లల కూలి డబ్బు ఉంది.

మిషనరీల గురించి అభ్యుదయ సాహిత్య విమర్శ చాలా రాసింది. వారిని వలసపాలనకు ముందు నడిచిన దూతలుగా చూసినవారున్నారు, మాల మాదిగ పల్లెలకు మొదటి పలక తెచ్చినవారుగా చూసినవారున్నారు. రెండు వాదాలకీ ఆధారాలున్నాయి. కాని రెండు వాదాలూ డబ్బు పుచ్చుకున్న చోటి నుంచే చూస్తాయి. ఇచ్చిన చోట ఎవరున్నారు? ఏ వర్గం చెమట ఆ ఓడలెక్కి వచ్చింది? ఈ ప్రశ్న వేయకుండా మిషన్ల వర్గస్వభావం గురించి మాట్లాడటం సగం పద్దు చూసి ఖాతా తేల్చడమే అవుతుంది.

పొలీన్ జారికో 1799లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో పుట్టింది. తండ్రి పట్టు వర్తకంలో ఎదిగిన సంపన్నుడు. ఆమె అన్న ఫిలెయాస్ పారిస్‌లో గురువిద్య చదువుతూ, తూర్పుదేశాల మిషన్లు డబ్బులేక ఎండిపోతున్నాయని ఇంటికి ఉత్తరాలు రాసేవాడు. విప్లవమూ, నెపోలియన్ యుద్ధాలూ గడిచిన తర్వాత ఫ్రెంచి చర్చికి పాత రాజపోషణ లేదు. పెద్ద దాతలు కనబడలేదు. అప్పుడు ఆ అమ్మాయి కిందికి చూసింది. సెయిన్-వాలియేలో ఆమె బావగారి పట్టు కార్ఖానా ఉంది. అక్కడి ఆడకూలీల్లో భక్తిగల వారిని ఆమె అప్పటికే ఒక బృందంగా కూర్చింది. 1819 ప్రాంతంలో వారిని వారానికి ఒక్క సూ ఇమ్మని అడిగింది.

సూ అంటే ఫ్రాంకులో ఇరవయ్యో వంతు. ఏడాదికి 52 సూలు, అంటే రెండున్నర ఫ్రాంకుల పైచిలుకు. ఒక మనిషిని ఒకేసారి ఇమ్మంటే ఇవ్వలేని మొత్తం. వారానికొకటి చొప్పున తీస్తే తెలియకుండా పోయే మొత్తం. ఈ కిటుకు మన ఊళ్ళలో చీటీలు వేసేవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పొలీన్ పథకంలోని అసలు బలం వసూలు అంచెల్లో ఉంది. ఒక్కొక్కరు పదిమందిని చేర్చుకుని వారి సూలు పోగుచేయాలి. పది జట్లకొక పెద్ద, అంటే నూరుమందికి ఒకరు. నూరు జట్లు పది కలిస్తే వెయ్యికొకరు. చివరికి అంతా ఒకే పెట్టెలో పడుతుంది. ఇంట్లోవాళ్ళు పేకాడుకుంటుంటే ఆమె మూల కూర్చుని ఈ లెక్క కాగితం మీద పెట్టిందని భక్తిరచనలు చెబుతాయి. అది కథే కావచ్చు. లెక్క మాత్రం నిజం.

1822 మే 3న లియోన్‌లో కొందరు పెద్దమనుషులు సమావేశమై విశ్వాసవ్యాప్తి సంఘాన్ని లాంఛనంగా స్థాపించారు. లూయిజియానా మిషన్ కోసం అప్పటికే డబ్బు వెతుకుతున్న వర్గమొకటి ఇందులో కలిసింది. వసూలు పద్ధతి మాత్రం పొలీన్‌దే తీసుకున్నారు. పాలకమండలిలో ఆమెకు చోటు లేదు. మొదటి ఏడాది సుమారు 23 వేల ఫ్రాంకులు పోగయ్యాయి. వాటిని ఆసియా మిషన్లకూ, అమెరికాలో లూయిజియానా, కెంటకీలకూ పంచారు. నేటి అమెరికా చర్చి ఆనాడు చందా పుచ్చుకునే పేద చర్చి అన్న సంగతి మరవరాదు. 1840ల నాటికి సంఘం రాబడి ఏటా 30 లక్షల ఫ్రాంకులు దాటింది. ఇందులో ధనవంతుల విరాళాలు లేకపోలేదు. పునాది మాత్రం ఆ సూలదే.

ఇప్పుడు అదే నగరంలో కొండవాలుకు పోదాం. లియోన్‌లో క్రువా-రూస్ గుట్ట పట్టు నేతగాళ్ళ పేట. వారిని కానూలంటారు. వాళ్ళ బతుకు ఎలా ఉండేదో చీరాల, పోచంపల్లి, ధర్మవరం మగ్గాల సంగతి ఎరిగిన తెలుగు పాఠకుడికి చెప్పడం సులువు. పట్టు షావుకారుది. మగ్గం, ఇల్లు, దీపం ఖర్చు నేతగాడివి. మజూరీ షావుకారు చెప్పినంత. 1804లో వచ్చిన జకార్డు మగ్గం కోసం వాళ్ళ ఇళ్ళకు కప్పులు ఎత్తుగా కట్టవలసి వచ్చింది. ఆ మగ్గం కొనడానికి చేసిన అప్పు కప్పుకంటే ఎత్తయింది. సుమారు 8 వేలమంది మగ్గం యజమానులు, వారి కింద వేలాదిమంది కూలినేతగాళ్ళు, కండెలు చుట్టే ఆడపిల్లలు, సాయం చేసే పసివాళ్ళు. సాదాగుడ్డ నేసేవాడికి రోజంతా పనిచేస్తే 18 సూలు కూడా గిట్టడం లేదన్నది 1831 నాటి ఫిర్యాదుల్లో కనబడే లెక్క. ఆ 18లో మిషన్ చందాకు ఒకటి. వారానికి ఒకటే అనుకోండి, అయినా పొలీన్ అడిగిన సూ ఏ జేబులోంచి వచ్చిందో తెలియడానికి ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకోవాలి.

1831 అక్టోబరులో నేతగాళ్ళు కనీస మజూరీ రేట్ల పట్టిక అడిగారు. జిల్లా అధికారి మధ్యవర్తిగా కూర్చుంటే అక్టోబరు 25న ఒప్పందం కుదిరింది. షావుకార్లలో ఒక వర్గం దాన్ని పాటించనంది. నవంబరు 21న కానూలు గుట్ట దిగారు. పనిచేస్తూ బతకాలి, లేకుంటే పోరాడుతూ చావాలి అన్న అర్థం వచ్చే మాటలు రాసిన నల్లజెండా వారి ముందుంది. రెండు రోజుల్లో సైన్యం నగరం విడిచిపోయింది. నగరం చేతికి వచ్చినా వాళ్ళు దుకాణాలు దోచుకోలేదు, కాపలా కాశారు. డిసెంబరు 3న పెద్ద సైన్యం తిరిగివచ్చింది, రేట్ల పట్టిక రద్దయింది, ఒప్పందం కుదిర్చిన అధికారిని కొలువునుంచి తీసేశారు. సోషలిజం చరిత్ర చెప్పేటప్పుడు ఎంగెల్స్ ఈ 1831 తిరుగుబాటును కార్మికవర్గపు తొలి లేవడాల్లో ఒకటిగా పేర్కొన్నాడు. మన పాఠ్యగ్రంథాల్లో లియోన్ పేరు అక్కడితో ఆగుతుంది.

కాని నన్ను ఆపింది మరొక సంగతి. ఈ నేతగాళ్ళకూ ఒక సంఘం ఉంది. 1828లో పియేర్ షార్నియే అనే మగ్గం యజమాని మొదలుపెట్టిన పరస్పర సహాయ సంఘం అది. జబ్బుపడితే, పని పోతే ఒకరికొకరు ఆదుకోవడం దాని ఉద్దేశం, మజూరీ కోసం నిలబడటం దాని అంతరంగం. అదీ చిన్న చిన్న జట్లుగానే ఉండేది, ఒక్కొక్క జట్టులో ఇరవైమందికి లోపు. ఎందుకు ఇరవై? 1810 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతి 291వ నిబంధన, ప్రభుత్వ అనుమతి లేకుండా ఇరవైమందికి మించి క్రమంగా కూడే ఏ సంఘాన్నయినా నిషేధించింది. మతపరమైనదైనా, సాహిత్యపరమైనదైనా, రాజకీయమైనదైనా అని అందులో స్పష్టంగా ఉంది. (సాహిత్య సంఘాలను కూడా చేర్చిన ఆ చట్టకర్తల దూరదృష్టిని రచయితల సంఘాల వాళ్ళం మెచ్చుకోవాలి.)

ఒకే నగరం, ఒకే దశాబ్దం, ఒకే పరిశ్రమ. కూలిజనం నుంచి వారం వారం సూలు పోగుచేసే పదిమంది జట్లు ఒకపక్క, ఇరవైమందికి మించని నేతగాళ్ళ జట్లు ఒకపక్క. ఒకదాన్ని చూసి మరొకటి నేర్చిందని నేను అనడం లేదు. పేదవాళ్ళు పెద్దమొత్తం కూర్చాలంటే చేతికందే రూపం అదొక్కటే. మన పల్లెల్లో 1982లో మొదలైన డ్వాక్రా పథకం కూడా పది పదిహేనుమంది ఆడవాళ్ళ జట్టుమీదే నిలబడింది. తేడా ఏమిటంటే, చట్టం కాగితం మీద రెంటినీ పట్టుకోగలదు, ఆచరణలో ఒకదాన్నే పట్టుకుంది. 1834 ఫిబ్రవరిలో నేతగాళ్ళ సంఘం సమ్మె కట్టింది. నాయకుల్ని విచారణకు నిలబెట్టారు. అదే సమయంలో, ఇరవై లోపు ముక్కలుగా విడిపోయిన సంఘాల్ని కూడా నిషేధించే కొత్త చట్టం పారిస్‌లో చర్చకు వచ్చి ఏప్రిల్‌లో ఆమోదం పొందింది. ఏప్రిల్ 9 నుంచి వారం రోజులు లియోన్ వీధుల్లో ఫిరంగులు పేలాయి. వందలాదిమంది చచ్చారు. నేతగాళ్ళ జట్లు చెదిరిపోయాయి. చందా జట్లు పెరుగుతూనే పోయాయి. దూరదేశంలోని అన్యుడికి ఇచ్చే సూ రాజ్యానికి నిరపాయకరం. పక్కమగ్గం వాడికి ఇచ్చే సూ రాజద్రోహం.

సాహిత్య విద్యార్థులకు మరింత ఆసక్తి కలిగించే విషయం పత్రికలది. విశ్వాసవ్యాప్తి సంఘం తన చందాదారుల కోసం మిషనరీల ఉత్తరాలను ‘అన్నాల్’ అనే పేరుతో అచ్చువేసింది. పదిమంది జట్టుకు ఒక ప్రతి. అది చేతులు మారి చదవాలి, చదువు రానివాళ్ళకు చదివి వినిపించాలి. పలు ఐరోపా భాషల్లోకి వెళ్ళి, శతాబ్ది మధ్యనాటికి ప్రతులు లక్ష దాటాయి. ఆనాటి కార్మికుల ఇళ్ళలోకి ఇంత క్రమంగా చేరిన పఠనసామగ్రి తక్కువ. దీనికి పూర్వరూపం 18వ శతాబ్దిలో జెసూట్ గురువులు అచ్చువేసిన ఉత్తరాల సంపుటాలు. పుంగనూరు, కృష్ణాపురం, బాలాపురం ప్రాంతాలనుంచి కర్ణాటక మిషన్ గురువులు రాసిన లేఖలు వాటిలో ఉన్నాయి. అంటే తెలుగునేల ఫ్రెంచి పాఠకుడి కళ్ళముందు కదలాడటం కొత్త కాదు. కొత్తదేమంటే పాఠకుడు. జెసూట్ లేఖలు చదివింది పండితులూ ప్రభువులూ. ‘అన్నాల్’ విన్నది కండెలు చుట్టే పిల్ల.

ఈ ఉత్తరాల రచనాపద్ధతి గమనించదగ్గది. ప్రయాణంలో తుఫానులు, అడవులు, జ్వరాలు, వింత ఆచారాలు, విగ్రహాలు, కరువులు, చివర ఒక మరణశయ్య మీది జ్ఞానస్నానం, ఆపైన మిషన్‌కు లేనివాటి పట్టిక. కథ పట్టికలోకి జారుతుంది. పట్టిక సూలోకి జారుతుంది. ఇందులో దూరదేశపు మనిషి దాదాపు ఎప్పుడూ అందుకునేవాడే. అతను ఏం పండిస్తాడు, ఎవరికి కౌలు కడతాడు, అతని ఆకలికి కారకుడెవరు అన్నవి అప్పుడప్పుడూ దొర్లుతాయి కాని కథను నడపవు. అతని ఆకలి ఉత్తరంలో ఒక వాతావరణం, వాన రాకపోవడంలాంటిది.

దీని పక్కన అదే లియోన్‌లో 1831 అక్టోబరు చివర మొదలైన ‘ఎకో ద లా ఫాబ్రిక్’ అనే వారపత్రికను పెట్టండి. నేతగాళ్ళ పత్రిక అది. షావుకారుకూ నేతగాడికీ తగవులు తీర్చే పంచాయతీ కోర్టు విచారణలు అందులో వారం వారం వచ్చేవి. ఫలానా షావుకారు ఫలానా గుడ్డకు ఎంత తగ్గించాడు, తీర్పేమయింది అని పేరుపెట్టి రాసేవారు. వచనం పొడిగా ఉంటుంది. వర్ణన తక్కువ, కొలతలు ఎక్కువ. ఆకలి అక్కడ వాతావరణం కాదు, దానికి కారకుడున్నాడు, అతని దుకాణం ఫలానా వీధిలో ఉంది. ఆ పత్రిక 1834 మే నెలలో ఆగిపోయింది. రెండున్నరేళ్ళ బతుకు. ‘అన్నాల్’ వందేళ్ళు దాటి నడిచింది. రెండింటినీ వినే చెవి ఒకటే అయిన ఇళ్ళు క్రువా-రూస్‌లో ఎన్నో ఉండి ఉంటాయని ఊహించడం అసంగతం కాదు. నల్లజెండా పట్టినవారిలో మిషన్ సూ ఇచ్చినవారు ఉండరనుకోవడానికి ఆధారం లేదు. నేతగాణ్ణి భక్తుడిగానో, తిరుగుబాటుదారుడిగానో విడదీసి చూడటం మన గ్రంథాల సౌకర్యం కోసం.

పొలీన్ జారికో విషయానికి తిరిగి వస్తాను, ఎందుకంటే ఈ వైరుధ్యం ఆమె కళ్ళముందే నడిచింది, ఆమె దాన్ని తప్పించుకోలేదు. ఫూర్వియేర్ కొండమీది ఆమె ఇంటినుంచి నగరం మొత్తం కనబడుతుంది. తిరుగుబాట్ల తర్వాత ఆమె రాసిన ఉత్తరాల సారం ఇది: కార్మికుడికి ముందు మనిషిగా అతని గౌరవం తిరిగి ఇవ్వాలి, విరామంలేని చాకిరీనుంచి విడిపించాలి, భర్తగా తండ్రిగా ఇంట్లో ఉండే తీరిక ఇవ్వాలి, మతం మాట ఆ తర్వాత. 1840ల్లో ఒక సంపన్న భక్తురాలి కలంనుంచి ఇది రావడం చిన్నవిషయం కాదు. కూలీల న్యాయమైన వేతనం గురించి పోపు 13వ లియో లేఖ వెలువడింది 1891లో.

1845లో ఆమె దక్షిణ ఫ్రాన్సులో రుస్ట్రెల్ అనే చోట ఇనుము కరిగించే కొలిమిని కొన్నది. న్యాయమైన కూలి, పక్కనే ఇళ్ళు, బడి, ప్రార్థనామందిరం ఉండే ఆదర్శ కర్మాగారం ఆమె కల. ఊహాసోషలిస్టుల కలలకు ఇది దూరపు చుట్టం. వ్యవహారం అప్పగించిన మనుషులు మోసగాళ్ళు. పెట్టుబడి ఆవిరైంది, కొలిమి అమ్ముడుపోయింది. పెట్టుబడికి అప్పులిచ్చినవారిలో సామాన్యులు ఉన్నారు, వాళ్ళకు ప్రతి కాసూ తీర్చాలని ఆమె పట్టుబట్టింది. చందా వసూలు చేసుకోవడానికి వీలుగా, ఈ సంఘానికి మూలం తానేనని ఒక్క మాట చెప్పమని లియోన్ పెద్దమనుషుల్ని వేడుకుంది. వాళ్ళు ఒప్పుకోలేదు. లక్షల ఫ్రాంకులు ఖండాంతరాలకు పంపే సంఘం గుమ్మంలో, ఆ సంఘాన్ని ఊహించిన మనిషి నిలబడి లేదనిపించుకుంది. చివరికి పేదల జాబితాలో పేరు రాయించుకుని, 1862 జనవరి 9న అప్పులు తీరకుండానే చనిపోయింది.

ఈ నిరాకరణను వ్యక్తుల కాఠిన్యంగా చెప్పి ఊరుకుంటే విమర్శ కాదు. అప్పుల్లో చిక్కిన పేరుతో సంఘం పేరు ముడిపడకూడదన్న జాగ్రత్త ఉంది, నిధి ఉన్నది మిషన్లకే అన్న నియమం ఉంది. సరే. కాని దానం వేతనం వైపు ఒక్క అడుగు వేసినప్పుడు దానసంస్థ ఎలా ప్రవర్తిస్తుందో ఇక్కడ స్పష్టంగా ఉంది. దూరంగా ఉన్న ఆకలికి తెరుచుకున్న పెట్టె, గుట్టమీది కూలిప్రశ్నకు తెరుచుకోలేదు.

తర్వాతి చరిత్ర త్వరగా చెప్పవచ్చు. 1922 మే 3న, సరిగ్గా నూరేళ్ళకు, 11వ పయస్ పోపు ఆ సంఘాన్ని లియోన్ గృహస్థుల చేతినుంచి తీసి రోముకు మార్చాడు. 1926లో మిషన్ ఆదివారం ఏర్పరచాడు. వారం వారం పదిమంది జట్టులో చేతికి చేయి మారిన సూ, ఏడాదికొకసారి పూజలో పడే కానుకగా మారింది. పెద్ద సౌలభ్యం. అయితే ఎవరెవరు ఇచ్చారో ముఖాలతో తెలిసిన జట్టుపెద్ద మాయమయ్యాడు. 2022 మే 22న లియోన్‌లో పొలీన్ జారికోను ధన్యురాలిగా ప్రకటించారు. ఆ ఏడాదే ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి ఆంథోని పూల కార్డినల్ అయ్యారు. దళిత కుటుంబంలో పుట్టినవారు ఆ స్థానానికి చేరడం అదే మొదలు. ఈ రెండు సంగతుల మధ్య ఒక దారి ఉంది.

ఆ దారి ఇలా వచ్చింది. 1846లో సవాయ్‌లోని ఆన్సీ నుంచి ఫ్రాన్సిస్ ద సాల్ సభ గురువులు విశాఖ ప్రాంతానికి వచ్చారు. 1855లో మిలాన్ గురువులు హైదరాబాదుకు వచ్చి కృష్ణాతీరం దాకా వ్యాపించారు. 1870ల్లో ఇంగ్లండునుంచి మిల్ హిల్ సభవారు నెల్లూరు, గుంటూరు సీమల్లో దిగారు. ఆ తరంలో ఇలాంటి మిషన్లన్నింటికీ లియోన్ పెట్టె ఒక ప్రధాన ఆధారం. మన జిల్లాల్లో పాత బళ్ళ గోడల్లో, దవాఖానాల గోడల్లో ఎక్కడో ఆ సూలున్నాయి. దాతల పేర్లు చెక్కిన రాళ్ళమీద నేతపేట పేర్లు ఉండవు కనుక ఈ మాట చెప్పవలసి వస్తున్నది.

1876లో మొదలైన ధాత కరువులో దానమూ కూలీ ఎలా కలిశాయో చూడాలంటే కతోలికులను వదిలి ఒక్క క్షణం ఒంగోలు బాప్టిస్టు మిషన్‌కు పోవాలి. క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు పట్టి, మాదిగపల్లెల జనానికి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం కోసం మారారన్నది పాత ఎత్తిపొడుపు. అన్నం పెట్టినవాడు గంజికేంద్రం దగ్గర గిన్నె చాపించకుండా చేతికి పలుగిచ్చి లెక్కకట్టి కూలిచ్చాడన్న సంగతి ఆ ఎత్తిపొడుపులో ఉండదు. ఊరి వెలుపలి మనిషికి ఆ కూలి లెక్క ఎంత కొత్తదో ఊహించుకోవాలి.

పుచ్చుకున్న విచారణలు ఇప్పుడు ఇస్తున్నాయి. మిషన్ ఆదివారం వసూళ్ళు మేత్రాసనం ద్వారా జాతీయ కార్యాలయానికి, అక్కడినుంచి ప్రపంచనిధి లెక్కలోకి పోతాయి. మళ్ళీ పేద మేత్రాసనాలకు వాటాలుగా తిరిగివస్తాయి. తెలుగు కతోలికుల్లో అత్యధికులు దళితులు, వారిలో భూమిలేని కూలీలు చాలామంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాలో హిందువులను మాత్రమే ఉంచింది, తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు నేటికీ బయటే. గుళ్ళో కానుక వేసే చేయి ఆఫీసులో ఆ కానుక వేసినందుకే ధ్రువపత్రం పోగొట్టుకుంటుంది. అందుకే చాలామంది కాగితం మీద ఒక పేరుతో, విచారణ పుస్తకంలో మరో పేరుతో బతుకుతున్నారు. వీళ్ళ చందాను గురించి మన కథలు రాసిందెంత?

నేనూ సాహిత్య సభల గుమ్మాల దగ్గర రసీదు పుస్తకం పట్టుకుని నిలబడ్డవాణ్ణే. మన పత్రికలు కూడా చిన్న చందాలమీదే బతికాయి. రిక్షా తొక్కే ఒకతను రెండు రూపాయలిచ్చి రసీదు అక్కర్లేదన్నప్పుడు, రాసి చేతిలో పెట్టాను. చదవడం రాదు, అయినా మడిచి జేబులో పెట్టుకున్నాడు. రసీదు ఉంటే అడగవచ్చు. క్రువా-రూస్ నేతగాడికి తన పరస్పర సహాయ జట్టులో అడిగే హక్కు ఉంది, అందుకే దాన్ని పగలగొట్టారు. మిషన్ జట్టులో అతనికి చదువుకోవడానికి ఉత్తరం దొరికింది.

గోదావరి, కృష్ణా డెల్టా విచారణల్లో అక్టోబరు నాటి ఈ చందా వేళకు నాట్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. కలుపులూ అయిపోతాయి. కోతలు ఇంకా మొదలుకావు. కూలిజనం అప్పు పుట్టించుకుని తినే రోజులవి. ఆ ఆదివారం కూడా కానుకల సంచి బరువుగానే వెళ్తుంది.